నాలుగూ పద్దెనిమిది

లాప్‌టాప్ మూడోసారి చచ్చింది. ఈసారి ఏడు నిమిషాలకే.

టీచరమ్మ రూళ్ళ నోట్‌బుక్కులో ఏడు వేసి, దాని చుట్టూ గీత చుట్టింది. పైన అప్పటికే రెండు అంకెలున్నాయి. పదమూడు, తొమ్మిది. ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరైన మర్నాడే గుమ్మానికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్న మనిషి ఆవిడ. ఇంట్లో గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే ఇల్లంతా కదిపేస్తుంది. అలాంటిది ఈ నల్ల పెట్టె ముందు పొద్దుటినుంచీ చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. కంప్యూటర్ల గురించి ఆవిడకు తెలిసింది సున్నా. ఆ సంగతి ఎదుటివాళ్ళకు కూడా తెలిసిపోవడం ఆవిడకు మరీ కష్టంగా ఉంది.

చావు ప్రతిసారీ ఒకే వరసలో వచ్చింది. ముందు తెర మీద ఆవాలు చల్లినట్టు ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి. తర్వాత అక్షరాలు గళ్ళు గళ్ళుగా విరిగిపోయాయి. ఆపైన ఎర్రవీ ఊదావీ నిలువు చారలు దిగి తెరంతా కమ్మేశాయి. కాసేపటికి లోపలి ఫ్యాన్ రొప్పి రొప్పి ఆగింది, మెషిన్ మొత్తం ఆరిపోయింది.

"ఎనిమిదేళ్ళ సరుకు టీచరమ్మా. బొమ్మ చూపించే చిప్ అరిగిపోయింది. వేడెక్కితే తట్టుకోలేదు పాపం," అన్నాడు మెకానిక్. నలభై దాటిన నెమ్మదస్తుడు. మాట్లాడుతున్నంతసేపూ ఎడమ అరచెయ్యి లాప్‌టాప్ పక్క భాగాన ఆనించి ఉంచుతాడు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూస్తున్నట్టు. వేడి ఎంతుందో చేత్తోనే తెలుస్తుందట.

అతను చేయనిది లేదు. మొదటిసారి ఉన్నదున్నట్టు ఆన్ చేశాడు, పదమూడు నిమిషాలు నడిచింది. ఫ్యాన్ విప్పి, చుట్టలు చుట్టుకున్న దుమ్మంతా బ్రష్షుతో దులిపి మళ్ళీ పెట్టాడు, తొమ్మిదే నడిచింది. తెరను నడిపే సాఫ్ట్‌వేర్ తీసేసి పాతది ఎక్కించాడు, ఏడుకి దిగింది. షాపులో ఉన్న పెద్ద మానిటర్‌కి వైరు తగిలించి చూశాడు, అక్కడా అవే చారలు. డిస్క్ ఊడదీసి ఇంకో మెషిన్లో పెడితే కుదరదా అని ఆవిడ పొద్దున్నే అడిగింది. మూత తీసి, ఒక మూలనున్న అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన పలచటి డబ్బాని వేలితో చూపించి, ఇదే డిస్కనీ, తయారుచేసినవాళ్ళు దాన్ని ఈ బోర్డుకే ముడివేశారనీ, ఇంకెక్కడ పెట్టినా ఒక్క అక్షరం చదవదనీ ఓపిగ్గా చెప్పాడు. చదివితే ఈ తెర మీదే చదవాలి. మరో దారి లేదు.

"నువ్వు బాగుచేసేకొద్దీ దాని ఆయుష్షు తగ్గుతోందయ్యా," అంది టీచరమ్మ.

అతను నవ్వాడు. ముసలివాళ్ళకు ఆపరేషన్ చేస్తే అంతేనన్నాడు.

పక్కన స్టూలు మీద కూర్చున్న నర్సమ్మ నవ్వలేదు. రాత్రి డ్యూటీ దిగి, వార్డు బట్టలు కూడా మార్చుకోకుండా నేరుగా ఇక్కడికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గోడ గడియారం వంక చూసి, "రెండయిపోతోంది టీచరమ్మా," అంది. ఆ మాట పొద్దుటినుంచీ గంటకోసారి అంటోంది. ఐదింటికి ఆమె తమ్ముణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెడితే హత్యానేరం కింద జైలుకు పంపుతారు. ఆపగలిగింది ఈ లాప్‌టాప్ ఒక్కటే.

కథ పెద్దదేం కాదు. ఈ షాపు పైన, మొదటి అంతస్తులో, ఇళ్ళకీ గోడౌన్లకీ ప్లాన్లు గీసే ఆఫీసు ఉంది. ఒకటే గది, ఒకటే లాప్‌టాప్. గీసేది మాస్టారు, కొలతలు తెచ్చేది నర్సమ్మ తమ్ముడు. మొన్న సాయంత్రం ఐదూ పదికి మాస్టారి భార్య పైకి వెళ్ళి చూస్తే, ఆయన కుర్చీ పక్కన పడి ఉన్నాడు. కాగితాలకు రంధ్రాలు వేసే ఇనుప పంచింగ్ మెషిన్‌తో తల పగలగొట్టారు. ఆరోజు మధ్యాహ్నం మాస్టారూ శిష్యుడూ గొంతులు చించుకుని అరుచుకోవడం వీధిలో సగం మంది విన్నారు. మాస్టారు ప్లాన్ గీసిన రెండు గోడౌన్లలో వరసగా దొంగలు పడ్డారు. ఏ గోడ వెనక బీరువా గది ఉందో తెలిసినవాళ్ళలా నేరుగా వెళ్ళారు. ప్లాన్లు నువ్వే బయటికి ఇస్తున్నావని మాస్టారు తమ్ముణ్ణి నిలదీశాడు. తమ్ముడు ఏడ్చి, ఒట్లు పెట్టి, మూడూ నలభైకి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. జేబులో దొరికిన బస్సు టికెట్టు మీద మూడూ నలభై ఎనిమిది అని అచ్చయి ఉంది.

పోలీసులు పట్టుకున్నది ఇంకో అంకెని. మాస్టారు గీసే గీతలు ఎప్పటికప్పుడు ఆయన ఇంట్లోని కంప్యూటర్లో కాపీ అవుతుంటాయి. ఆఖరి కాపీ మూడూ ముప్పై ఒకటికి పడింది. ఊపిరాడకుండా పనిచేసే మనిషి, మర్నాటికి ఇవ్వాల్సిన ప్లాను ముందు పెట్టుకుని, ఆ తర్వాత ఒక్క గీత కూడా గీయలేదంటే అప్పటికే చచ్చిపోయి ఉండాలి. అప్పుడు గదిలో ఉన్నది తమ్ముడే. లాప్‌టాప్‌ని వాళ్ళు ఒకసారి ఆన్ చేసి, చారలు చూసి, పాడైపోయిన వస్తువని రాసి ఆయన భార్యకు ఇచ్చేశారు. ఆవిడ టీచరమ్మ చేతిలో పెట్టింది.

చారలన్న మాట దగ్గరే టీచరమ్మకు అనుమానం వచ్చింది. మూడూ ముప్పై ఒకటికి చచ్చింది మనిషి కాకుండా తెర అయితే? తెర లేకపోతే బతికున్నవాడు కూడా గీయలేడు కదా. ముందు రోజు ఫోనులో తన పాత శిష్యురాలిని, ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని అడిగితే, ప్రతి మెషిన్ తనకు జరిగిందంతా టైములతో సహా డైరీలా రాసుకుంటుందని చెప్పి, అది ఎక్కడుంటుందో, ఏమేం నొక్కాలో వరసగా రాయించింది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగినదానికే జవాబు రాయాలి, ఎక్కువ రాస్తే మార్కులు కోస్తానని బెత్తం పట్టుకుని నేర్పింది మరి టీచరమ్మే.

చిప్ చల్లారడానికి అరగంట పడుతుందని మెకానిక్ అన్నాడు. ఊరికే కూర్చోలేక టీచరమ్మ నర్సమ్మను వెంటబెట్టుకుని మాస్టారి భార్య ఇచ్చిన తాళంచెవితో పై గదికి వెళ్ళింది.

గది ఇరుకు. కిటికీ పక్కన బల్ల, బల్ల వెనక కుర్చీ, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన ప్లాన్ల చుట్టలు. నేల మీద రక్తం కడిగేసినా గచ్చు ఒకచోట నల్లగానే ఉంది. నర్సమ్మ అటు చూడలేక గుమ్మంలోనే ఆగింది. టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. కూర్చుంటే గానీ మాస్టారు ఏం చూసేవాడో తెలియదు. ఎదురుగా గోడ మీద ఆయన చేత్తో, ప్లాన్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాసిన కాగితం అంటించి ఉంది.

'తెర పోతే కంగారు పడవద్దు. ఫ్యాన్ చప్పుడు వినండి. మెషిన్ నడుస్తూనే ఉంటుంది. బటన్ నొక్కితే గీసినదంతా పోతుంది. బటన్ ఎవరూ ముట్టుకోవద్దు. నేల మీద మూడుసార్లు కొట్టండి.'

బల్లకు ఆనించి టి ఆకారపు పాత చెక్క స్కేలు ఉంది. దాని చివర నలిగి పీచులు లేచింది. కుర్చీకి కుడి పక్క గచ్చులో రూపాయి బిళ్ళంత గుంట పడింది. నేల మీద కొట్టడమేమిటని టీచరమ్మ అడిగితే, తమ్ముడు తనకు చెప్పిన సంగతి నర్సమ్మ చెప్పింది. వారానికి రెండుసార్లయినా తెర పోయేదట. మాస్టారు స్కేలుతో నేల మీద కొట్టేవాడు. చప్పుడు కింద షాపు పైకప్పులో వినిపించేది. మెకానిక్ టీ తాగుతున్నా వదిలేసి పైకి వచ్చి, ఏవో రెండు మీటలు కలిపి నొక్కి తెర తెప్పించేవాడు. రాకపోతే గీసినది జాగ్రత్త చేసి తనే బటన్ నొక్కి ఆపేవాడు. మాస్టారు ఆ బటన్ మీద గాయానికి వేసే ప్లాస్టర్ ముక్క అంటించాడు. పొరపాటున వేలు పడ్డా నొక్కుకోకూడదని.

టీచరమ్మ ప్రాణం లేచి వచ్చింది. తెర పోయి ఉంటే ఆయన నేల మీద కొట్టి ఉంటాడు. కొడితే కింద వినపడి ఉంటుంది. తమ్ముడు వెళ్ళిపోయాక కూడా ఆయన బతికే ఉన్నాడని చెప్పగల సాక్షి కిందనే స్క్రూలు బిగించుకుంటున్నాడు. ఈ వయసులో దిగకూడనంత వేగంగా మెట్లు దిగింది.

దిగినంత వేగంగానే ఆశ చప్పబడిపోయింది. మొన్న మూడింటినుంచి ఐదింటిదాకా షాపు మూసి, స్పేర్ పార్టుల కోసం వెళ్ళానన్నాడు మెకానిక్. ఏ పార్టు అని అడిగింది. ఇంకో లాప్‌టాప్‌కి ఫ్యాను, అని డ్రాయరులోంచి తీసి చూపించాడు. బిల్లు అడిగింది. ఆ బజారులో బిల్లులెవరిస్తారన్నాడు. ఏ బస్సులో వెళ్ళావంది. నడిచే వెళ్ళానన్నాడు. ఇంకో మనిషైతే ఆవిడ వదిలేది కాదు, బజారులో ఏ షాపు, ఎన్నింటికి, ఎవరు చూశారు అని పిండేసేది. కానీ ఈ మనిషి చేతులతో ఆవిడకు పనుంది. వాటికి కోపం తెప్పిస్తే ఐదింటికి ఏం చేయాలి?

"నేనుంటే ఆయన బతికేవాడేమో టీచరమ్మా. ఆ మాటే నన్ను తినేస్తోంది," అన్నాడతను. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది.

మూడూ పదికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఈయన కూడా టీచరమ్మ శిష్యుడే, తొమ్మిదో తరగతిలో రెండుసార్లు లెక్కలు తప్పినవాడు. ఆ తప్పడం ఇద్దరూ మరచిపోలేదు. లాప్‌టాప్ ఇవ్వమన్నాడు. కేసుకి సంబంధించిన వస్తువు వీధి షాపులో విప్పి పరచడం ఏమిటన్నాడు. పాడైపోయిన వస్తువని నువ్వే రాశావు కదయ్యా అందావిడ. అప్పుడు పొరపాటైంది, ఇప్పుడు ల్యాబ్‌కి పంపుతానన్నాడు. ల్యాబ్ నుంచి జవాబు ఎప్పుడొస్తుందని అడిగింది. అతను కాస్త నీళ్ళు నమిలి, మూడు వారాలన్నాడు.

"ఈ మూడు వారాలూ ఆ పిల్లాడు ఎక్కడుంటాడు?"

"టీచర్ గారూ, ఆ మెషిన్ మీద చెయ్యి వేసేది ఇద్దరే. ఒకరు చచ్చిపోయారు. ఇద్దర్లోంచి ఒకరిని తీసేస్తే ఎంతో మీరే నేర్పారు."

"నేర్పాను. నీకు రాలేదు," అందావిడ.

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. తెర పోయిందనేది ఆవిడ ఊహ అనీ, ఊహకు కాగితం కావాలనీ అన్నాడు. మాస్టారు మూడూ ముప్పై ఒకటి తర్వాత బతికున్నట్టు ఆ మెషిన్‌లోంచి ఒక్క ఋజువు, కాపీ తీసి, తన చేతిలో పెడితే జీపు ఆపుతానన్నాడు. నాలుగున్నరకి జీపు కదులుతుంది. కదిలాక తన చేతుల్లో ఏమీ ఉండదు. ఈలోగా మనసు మారితే లాప్‌టాప్ తనకు పంపమన్నాడు. చూస్తూ చూస్తూ ల్యాబ్ పెట్టెలో పడేయడానికి ఒప్పుకోనని ఆవిడ మొండికేసింది. ఇన్‌స్పెక్టర్ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగోసారి ఆన్ చేస్తే ఐదు నిమిషాలకు పోయింది. మెకానిక్ తల పట్టుకున్నాడు. చిప్ మీద రాసే పేస్టు ఎండిపోయిందనీ, కొత్తది కొనుక్కొస్తాననీ, తను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దనీ గట్టిగా చెప్పి మూడున్నరకి బయల్దేరాడు.

అతను అటు వెళ్ళగానే నర్సమ్మ లేచింది. "ఒళ్ళు కాలిపోతున్నవాణ్ణి పరుపుకి అదిమిపెట్టి ఉంచితే జ్వరం దిగుతుందా టీచరమ్మా? గాలాడాలి కదా," అని, లాప్‌టాప్ కింద నాలుగు మూలలా నాలుగు స్క్రూల డబ్బీలు పెట్టి పైకి లేపింది. షాపులోని టేబుల్ ఫ్యాన్ తిప్పి దాని పక్క రంధ్రాలకు పెట్టింది. ముట్టుకోవద్దన్నాడు కదా అని టీచరమ్మ ఓ క్షణం తటపటాయించి, గడియారం చూసి, ప్లాస్టర్ ముక్క ఓరగా ఊడి ఉన్న ఆ బటన్ నొక్కింది. టైము మూడూ ముప్పై ఆరు.

ఐదు నిమిషాలు దాటాయి. ఏడు దాటాయి. టీచరమ్మ ఒంటి వేలితో, నోట్‌బుక్కు చూసి చూసి, శిష్యురాలు చెప్పినట్టు ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. పదమూడు దాటాయి. డైరీ తెరుచుకుంది. సన్నటి అక్షరాల వరసలు వందల కొద్దీ ఉన్నాయి. మొన్నటి తేదీ దాకా జరిపేసరికి ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి. చారలు దిగడం మొదలెట్టాయి. చారలు పక్కకు జరిగినప్పుడల్లా సందులోంచి కనిపించిన అంకెలను ఆవిడ బయటికి చదివింది.

"మూడూ ముప్పై ఒకటి. తెర ఆగిపోయింది. దాని కింద... నాలుగూ... ఉండవే తల్లీ, ఉండు... నాలుగూ పద్దెనిమిది. బటన్ నొక్కి పట్టుకుని మెషిన్ ఆపారు."

నలభై ఏడు నిమిషాలు. నాలుగూ పద్దెనిమిదికి ఎవరో ఆ గదిలో నిలబడి బటన్ నొక్కారు. అప్పటికి తమ్ముడు బస్సెక్కి అరగంట అయింది. నర్సమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. టీచరమ్మ ఫోను తీసి ఫొటో తీసింది, ఇంకోటి తీసింది, పదకొండు తీసింది. తెర పూర్తిగా చారలైపోయింది. అయినా లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇరవై రెండు నిమిషాల దాకా తిరిగింది. తెర మాత్రం మళ్ళీ రాలేదని ఆవిడే ఆపేసింది. ఫొటోలు చూసుకుంటే పదకొండింటిలోనూ రంగు చారలే. కంటికి చిక్కిన సందులు కెమెరాకు చిక్కలేదు. ఒక ఫొటోలో ఒక మూల ఒకటి అంకె అనుకుంటే అనుకోవచ్చు, మేకు అనుకున్నా అనుకోవచ్చు. దాన్నే ఇన్‌స్పెక్టర్‌కి పంపింది.

నాలుగూ ఐదుకి మెకానిక్ వచ్చాడు. అతను గుమ్మంలో ఉండగానే నర్సమ్మ ఎదురెళ్ళి అంతా చెప్పేసింది. డైరీ సంగతి, మూడూ ముప్పై ఒకటి, నాలుగూ పద్దెనిమిది, ఏదీ దాచలేదు. ఆనందంలో ఉన్న మనిషి దాచుకోవడం ఎక్కడ చూశాం? మెకానిక్ చేతిలోని పేస్టు గొట్టాన్ని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా తలూపి, ఇక పేస్టుతో పని లేదన్నాడు. వేడిగాలి గన్‌తో చిప్‌కి ఒకసారి కాక పెడితే లోపల విడిపోయిన అతుకులు కలుసుకుంటాయి, గంటసేపు ఢోకా లేకుండా నడుస్తుంది, ఆ డైరీ అంతా పెన్‌డ్రైవ్‌లోకి దించి ఇస్తానన్నాడు. పది నిమిషాలు చాలు.

మూత విప్పాడు. బయటి గాలి తగిలితే వేడి నిలవదని షట్టర్ మోకాలెత్తు దాకా దించేశాడు. ట్యూబులైటు వేసి, గన్ ఆన్ చేశాడు. షాపంతా ఆ చప్పుడుతో నిండిపోయింది.

టీచరమ్మ షట్టర్ పక్కకు జరిగి, ఒక చెవి మూసుకుని ఇన్‌స్పెక్టర్‌కి ఫోను చేసింది. నాలుగూ పద్దెనిమిది అని చెప్పింది. ఇంకాసేపట్లో కాపీ తెస్తున్నానంది. ఫొటో పంపారు కదా, అందులో చారలు తప్ప ఏమీ లేవన్నాడతను. నా కళ్ళతో చూశానయ్యా అంది. మీ కళ్ళను మేజిస్ట్రేటు ముందు పెట్టలేనన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి, ఒక సంగతి అడిగాడు.

"మీరు ఒప్పుకోలేదు గానీ, ఆ మోడల్ గురించి మా ల్యాబ్ ఆవిడని అడిగాను. అంత పాతవాటికి తెరతో పనే లేదట టీచర్ గారూ. లోపల డిస్క్ ఒక్కటి ఊడదీసి, వేరే ఏ కంప్యూటర్‌కి తగిలించినా మొత్తం చదివేస్తుందట. రెండు స్క్రూలు, పది నిమిషాల పని. ఆ పని మీ మెకానిక్ పొద్దున్నే ఎందుకు చేయలేదు?"

టీచరమ్మ మనసులో నోట్‌బుక్కులోని అంకెలన్నీ మళ్ళీ వరసకట్టాయి.

పదమూడు, తొమ్మిది, ఏడు, ఐదు. అతను బల్ల దగ్గర లేనప్పుడు ఇరవై రెండు. వేడి చూస్తున్నానని పొద్దుటినుంచీ అతని అరచెయ్యి ఆనించి ఉన్నది ఎక్కడ? ఫ్యాన్ గాలి బయటికి వదిలే ఆ పక్క రంధ్రాల మీద. ఆ మెషిన్ మీద చెయ్యి వేసేది ఇద్దరని ఇన్‌స్పెక్టర్ అన్నాడు, ఆవిడా అలాగే లెక్కపెట్టింది. మాస్టారూ అంతే, ప్లాన్లు ఎవరు ఎత్తుకుపోతున్నారని శిష్యుడి మీద విరుచుకుపడ్డాడే గానీ, వారానికి రెండుసార్లు తను నేల కొట్టి పిలిచే మనిషిని లెక్కలో వేయలేదు. బాగుచేసేవాణ్ణి ఎవరు వేస్తారు? ఆరోజు తమ్ముడు ఏడుస్తూ వెళ్ళిపోయాక ఆయన ఎప్పటిలాగే నేల మీద కొట్టాడు. ఎప్పటిలాగే కింద నుంచి మనిషి వచ్చాడు. అప్పుడైనా ఆయనకు అనుమానం తట్టి ఉంటుంది, మొహం మీదే అడిగి ఉంటాడు. ఆ గదిలో ఆ బటన్ నొక్కడం ఒక్కడికే అలవాటు. ఆ ఒక్కడి ఒళ్ళోనే లాప్‌టాప్‌ని తన చేత్తో తెచ్చి పెట్టింది. చచ్చినా ల్యాబ్‌కి ఇవ్వనని పోట్లాడి మరీ పెట్టింది.

"వింటున్నారా? జీపు బయల్దేరుతోంది, నేను వెళ్ళాలి," అంటున్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆగు అందామనుకుంది. అనేలోపే ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అప్పుడు తగిలింది వాసన. ప్లాస్టిక్ మాడుతున్న వాసన.

వెనక్కి తిరిగింది. గన్ మూతి చిప్ మీద లేదు. మూలనున్న ఆ పలచటి డబ్బా మీద ఉంది. డబ్బా పైన కాగితం నల్లబడి ముడుచుకుపోయింది, అంచులు బుడగలు లేస్తున్నాయి. మెకానిక్ తలెత్తి ఆవిడ వంక చూశాడు. చేతిలో ఫోను చూశాడు. మొహంలో ఏం చదువుకున్నాడో గానీ, తొందరపడలేదు. గన్ ఇంకో నిమిషం అలాగే ఉంచి, ఆపకుండానే కుడి చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. షాపుకి ఆ షట్టర్ ఒక్కటే దారి. అతను వచ్చి టీచరమ్మకీ దానికీ మధ్య నిలబడ్డాడు. పనైపోయిందమ్మా అని నర్సమ్మతో అన్నాడు.

నర్సమ్మకు వీటిలో ఏదీ తెలియదు. స్టూలు మీంచి లేచి వచ్చి, అతని ఎడమ చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. "అన్నయ్యా, పొద్దుటినుంచీ తిండి కూడా మానేసి మా తమ్ముణ్ణి కాపాడావు. సొంత అన్న ఉన్నా ఇంత చేసేవాడు కాదు. రేపు వాణ్ణి తీసుకొచ్చి నీ కాళ్ళకు దండం పెట్టిస్తాను," అంది. ఏడుస్తూనే నవ్వుతోంది.

"దానిదేముంది చెల్లెమ్మా," అన్నాడు మెకానిక్. చూపు మాత్రం టీచరమ్మ మీదనుంచి తిప్పలేదు. "టీచరమ్మగారు ఫోనులో ఏం చెప్పారో కనుక్కో. జీపు ఆపుతున్నారా లేదా అని."

నర్సమ్మ ఆశగా ఇటు తిరిగింది. "ఆపారా టీచరమ్మా?"

మెకానిక్ షట్టర్ అంచు మీద కాలు పెట్టి, మిగిలిన మోకాలెత్తూ నేలకు అదిమేశాడు.